కబురు నీళ్ళు

ఉత్తరం వచ్చేసరికి ఇంట్లో నలుగురూ భోజనాల బల్ల దగ్గరే ఉన్నారు. మాటలు మాత్రం ఉప్పు దాటి ముందుకు సాగడం లేదు.

"అమ్మాయ్, ఆ ఉప్పు డబ్బా ఇటు జరపమని మీ ఆయనతో చెప్పు," అన్నాడు మామగారు.

ఉప్పు డబ్బా కొడుకు మోచేతి పక్కనే ఉంది. తండ్రికీ కొడుక్కీ మధ్య బల్ల మీద దూరం రెండు జానలు.

"ఏమండీ, ఉప్పు డబ్బా జరపమంటున్నారు మామయ్య," అంది కోడలు.

"జరిపానని చెప్పు," అన్నాడు భర్త, జరిపి.

"మీ ఇద్దరికంటే ఆ గోడ గడియారం నయం," అంది అత్తగారు రొట్టె విరుస్తూ. "గంటకోసారైనా నోరు విప్పుతుంది."

ఇది తొమ్మిదో రోజు. పవర్‌హౌస్‌లో చిన్న ఇంజినీరుగా పనిచేసే కొడుకు, ఆధునికీకరణ ప్రతిపాదన పుస్తకాన్ని మురిపెంగా ఇంటికి తెచ్చిన సాయంత్రం నుంచీ ఇదే తంతు. నీలం అట్ట పుస్తకం. కొత్త టర్బైన్లు, కొత్త గేట్లు, దూరపు నగరంలో కూర్చుని మీట నొక్కితే ఇక్కడ గేటు లేచే ఏర్పాటు, అన్నీ అందులో ఉన్నాయి. ఇరవై ఏడో పేజీలో ఒక వాక్యం కూడా ఉంది. "పాత సిబ్బంది అలవాటు వల్ల, గేట్లు ఎత్తిన ప్రతిసారీ అనవసరమైన తనిఖీల పేరిట సుమారు ఇరవై నిమిషాల నీరు వృథా అయింది."

ఆ పాత సిబ్బంది అంతా కలిపి ఒక్క మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆనకట్ట మీద గేట్లు ఎత్తి, దించి, కాలనీ అంతటి చేతా గేట్లాయన అనిపించుకున్న మనిషి. ఆ వాక్యం రాసింది ఆయన కన్నకొడుకు.

కోడలు ఆ ఇంటికొచ్చి నలభై ఆరు రోజులు. ఆ ఇంట్లో ఆమెకు అన్నీ కొత్తే, అన్నీ ముద్దే. ఒకే గ్లాసులో తలకు తల ఆనించుకుని నిలబడ్డ రెండు పళ్ళ బ్రష్షులు ముద్దు. టర్బైన్లు తిరిగినంతసేపూ పళ్ళెంలో చెంచా సన్నగా వణకడం ముద్దు. పెద్దవాళ్ళ ఎదుట భర్తను "మీరు" అని, వంటింటి గుమ్మం దాటగానే "నువ్వు" అనడం మరీ ముద్దు. రోజుకి పదిసార్లు ఏదో ఒక వంకతో ఆ గుమ్మం దాటి చూసుకునేది. ఈ మౌనాన్ని మాత్రం ఎంత ప్రయత్నించినా ముద్దు చేయలేకపోయింది.

"గేట్లాయనా! సంతకం పెట్టాలి, రండి!" వీధి గుమ్మంలో పోస్టమ్మ కేకేసింది. "చేతులు కడుక్కుని మరీ రండి. పోయినసారి నా పుస్తకానికి నూనె మరక చేశారు!"

మామగారు వెళ్ళి సంతకం పెట్టి, పొడుగాటి కవరు తెచ్చి కోడలి చేతికిచ్చాడు.

"కళ్ళజోడు లోపలుంది. చదువమ్మాయ్."

కవరు మీది ముద్ర చూడగానే కోడలి గుండె ఒక్కసారి ఎగిరి గంతేసింది. మరుక్షణమే ఆ కవరు ఎవరి ఎదుట తెరవాలో గుర్తొచ్చి ఆగింది. అయినా చదవక తప్పలేదు.

"జలవిద్యుత్ కేంద్రం ఆధునికీకరణపై ప్రజాభిప్రాయ సంఘం నుంచి. అయ్యా, మాకు మొత్తం మూడు వందల పన్నెండు అభిప్రాయాలు అందాయి. స్వయంగా వినవలసినవిగా తొమ్మిదింటిని ఎంపిక చేశాం. అందులో మొదటిది..." ఆమె ఒకసారి మామగారి వైపు చూసింది. "మొదటిది, మీరు చెప్పగా మీ కోడలు రాసి పంపిన అభిప్రాయం. రేపు ఉదయం పదకొండు గంటలకు బడి హాలులో మీకు పది నిమిషాలు కేటాయించాం."

"అబ్బో!" గుమ్మంలోంచి ఇంకా కదలని పోస్టమ్మ చేతులు తట్టింది. "మూడు వందల్లో మొదటిదా! మా వీధికే గొప్ప!" అంటూ, ఆ గొప్పని వీధంతా పంచడానికి సైకిలెక్కేసింది. ఆమె బట్వాడాలో అన్నిటికన్నా వేగంగా చేరేది అదే.

చెంచా ఒక్కటే వణుకుతోంది.

"నేనేం చెప్పాను?" అన్నాడు మామగారు.

"సాయంత్రాలు కట్ట మీద నడిచేటప్పుడు, మామయ్యా. మీరు చెబుతుంటే అంత బాగుండేది... ఇంటికొచ్చి రాసుకునేదాన్ని. గడువు ఆఖరి రోజున శుభ్రంగా నాలుగు పేజీలు తిరగరాసి, ఆఫీసు ముందు పెట్టెలో వేశాను."

"కట్ట మీద చెప్పింది కట్ట మీదే ఉండాలి."

"తప్పే, మామయ్యా. అడగాల్సింది. అడిగితే వద్దంటారని అడగలేదు."

"అన్నీ రాశావా?"

ఆమె తల దించుకుంది.

"తనిఖీల సంగతి కూడా?"

"అది లేకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు."

భర్త చేతిలోని ముక్క పళ్ళెంలో పెట్టాడు. "తనిఖీల సంగతేంటి?" అని, భార్య వైపు చూడకుండా సూటిగా తండ్రి వైపు తిరిగాడు. "ఏం సంగతి, నాన్నా?"

తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట! కొంప అంటుకుంటున్న వేళ అని తెలిసి కూడా కోడలి మనసు లోలోపల చప్పట్లు కొట్టేసింది.

"నీ పుస్తకంలో రాశావుగా, అనవసరమైన తనిఖీలని," అన్నాడు తండ్రి. "అవి తనిఖీలు కావురా. నేను నిజంగా చేసిన తనిఖీలు ఏడాదికి రెండు. మిగతావన్నీ అబద్ధం."

"నీ చేతిరాతే కదా! నలభై రెండు రిజిస్టర్లు చదివాను. ఆ దుమ్ముకి నెలరోజులు తుమ్మాను. పేజీ పేజీకీ అదే ముక్క. కారణం: గేటు తనిఖీ. కారణం: గేటు తనిఖీ. ఉన్నదే రాశాను నేను."

"రాసింది చదివావు. రాసినవాణ్ణి అడగలేదు." మామగారు బల్ల మీద చెయ్యి పెట్టాడు. "ఎంతో దూరాన లేనే! బల్లకి ఇటువైపు ఉన్నాను."



అప్పుడు అత్తగారు నీళ్ళ చెంబు ఠక్కున కింద పెట్టింది.

"ఏమయ్యా, వాడికి అసలు సంగతి చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

ఆ ఇంట్లో కోడలిని మొదటిరోజే ఆశ్చర్యపరిచింది ఇదే. అత్తగారు మామగారిని "నువ్వు" అనే అంటుంది, నలుగురిలో ఉన్నా సరే. ఎందుకని అడిగితే "మొదటిసారి ఎలా పిలిచానో అదే అలవాటైపోయింది" అని నవ్వి ఊరుకునేది.

"చెప్పుకో. ఎలాగూ రేపు ఊరంతా వింటుంది," అన్నాడు మామగారు.

"పెళ్ళికి ముందు నేను ఆసుపత్రి చాకిరేవులో పనిచేసేదాన్ని," అంది అత్తగారు కోడలి వైపు తిరిగి. "ఆనకట్ట కింద ఏట్లో ఆ పెద్ద బండలున్నాయే, అక్కడే దుప్పట్లు ఉతికేవాళ్ళం. ఒకరోజు గాలి ఎదురుగా కొడుతోంది. పైన సైరన్ వేశారట, మాకు వినపడలేదు. చూస్తే నీళ్ళు నడుం దాకా వచ్చేశాయి. ఎలా ఎక్కానో తెలీదు. ఆసుపత్రి దుప్పట్లు పదహారు కొట్టుకుపోయాయి. తడిబట్టలతో మెట్లన్నీ ఎక్కి గేట్ల దగ్గరికెళ్ళాను. ఉద్యోగంలో చేరి వారం కాని ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. 'నీకున్నవి కళ్ళా, కుట్టిన బొత్తాలా?' అని అడిగాను."

"అదీ తొలిపలుకు," అన్నాడు మామగారు, కోపం మధ్యలోనే.

"మర్నాడు బండ మీద నిలబడ్డాను, భయంభయంగా. పాదాలకి ఒక్కసారి చల్లగా నీళ్ళు తగిలాయి. నాలుగు వేళ్ళ మేర పెరిగి ఆగిపోయాయి. ఏంటా అని పైకి చూస్తే ఈయన చెయ్యి ఊపుతున్నాడు. తీరిగ్గా దుప్పట్లన్నీ ఎత్తుకుని, మెట్లెక్కి పైకొచ్చాక అప్పుడు వదిలాడు పెద్ద నీళ్ళు. ఆ రోజు నుంచీ అంతే. ముందు కొంచెం నీళ్ళు కబురు తెస్తాయి, వెనకాల ఏరొస్తుంది. కబురు నీళ్ళు అని పేరు పెట్టింది మేమే, రేవులో ఆడవాళ్ళం. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ బండల మీద నుంచి ఒక్క చేతిరుమాలు కొట్టుకుపోలేదు. ఇక మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు." ఆమె కొడుకు వైపు తిరిగింది. "అదిరా నువ్వు వృథా అని రాసిన నీళ్ళు. మొదట నా కోసం వదిలిన నీళ్ళు."

కోడలికి కళ్ళు చెమ్మగిల్లాయి. కట్ట మీద అంత చెప్పిన మామగారు ఈ ముక్క మాత్రం చెప్పలేదు! చెప్పి ఉంటే నాలుగు పేజీలు కాదు, నలభై రాసేది.

"మరి తనిఖీ అని ఎందుకు రాశావు?" కొడుకు గొంతు తగ్గింది.

"నిబంధన తెలీనట్టు అడుగుతావేం? గేటు ఎత్తితే అర మీటరుకి తక్కువ ఎత్తకూడదు. తక్కువ ఎత్తితే అదురుతుంది. తనిఖీ కోసమైతేనే జానెడు ఎత్తొచ్చు. నాకు రోజూ జానెడే కావాలి. పై అధికారిని అడిగితే కాదన్నాడు. అందుకని రోజూ తనిఖీ చేశాను."

మామగారు లేచాడు. ముందుగదిలో గోడ మీద, పదవీ విరమణ రోజున ఇచ్చిన ప్రశంసాపత్రం అద్దాల చట్రంలో వేలాడుతోంది. "మచ్చలేని సేవకు" అని అందులో బంగారు రంగు అక్షరాలు. కోడలు రోజూ పొద్దున్నే దాన్ని తుడుస్తుంది.

"రేపు హాల్లో నిలబడి నేనేం చెప్పాలమ్మాయ్?" అన్నాడు దాన్ని చూస్తూ. "నోరు మూసుకుంటే నీళ్ళు వృథా చేసినవాణ్ణి. నోరు విప్పితే ముప్పై ఒక్క ఏళ్ళు దొంగరాతలు రాసినవాణ్ణి. రెంటిలో ఏది కావాలో నువ్వే ఎంచిపెట్టు."

పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

*

వంటింట్లో పళ్ళేలు కడుగుతున్న చప్పుడు మామూలుకన్నా ఎక్కువగా ఉంది.

"నా మొదటి నివేదిక," అన్నాడు భర్త గుమ్మానికి ఆనుకుని. "రేపు పెద్ద ఇంజినీరు ముందు వరుసలో కూర్చుంటారు. అది తప్పని మా ఆవిడ రాసిన కాగితం సంఘం వాళ్ళు మొదటిదిగా పిలుస్తారు. బాగుంది."

"నీ నివేదిక తప్పని నేనెక్కడా రాయలేదు."

"మరి?"

"రిజిస్టరు తప్పని రాశాను. నువ్వు నమ్మినవాణ్ణే నేనూ నమ్మాను. నువ్వు ఆయన రాత నమ్మావు, నేను మాట నమ్మాను. అంతే తేడా." తడిచేతి వెనకభాగంతో ముక్కు గోక్కుంది. "కావాలంటే నన్ను తిట్టు. కానీ పళ్ళేలు తుడుస్తూ తిట్టు. గుడ్డ అక్కడుంది."

అతను గుడ్డ తీసుకున్నాడు. రెండు పళ్ళేలు తుడిచాడు. మూడో పళ్ళెం తుడుస్తూ ఆగిపోయాడు.

"జానెడు అన్నాడు కదూ?"

"జానెడే."

"పాత గేటు అడుగు బల్లపరుపుగా ఉంటుంది. అందుకే నీళ్ళు దాని కింద కొట్టుకుని అదురుతుంది. కొత్త గేటు అంచు కత్తివాదరలా ఉంటుంది. జానెడు కాదు, బెత్తెడు ఎత్తినా అదరదు." అతని కళ్ళు పెద్దవయ్యాయి. "అదరదు! నాన్న దొంగచాటుగా చేసిన పనిని కొత్త గేటు దర్జాగా చేస్తుంది. మీటని నడిపే కంప్యూటర్లో ఆ ముక్క రాసిపెడితే చాలు. ముందు బెత్తెడు, తర్వాత నిరీక్షణ, తర్వాత పూర్తిగా."

"మరి పుస్తకంలో ఎలా ఉంది?"

"నాలుగు నిమిషాల్లో పూర్తిగా లేస్తుంది. ఊరికి సైరన్ ఒక్కటే." చెప్తూ చెప్తూ అతని మొహం వాడిపోయింది. ఆ బండల మీద ఇప్పటికీ తివాచీలు ఉతికేవాళ్ళున్నారు, గాలాలు వేసుకుని కూర్చునేవాళ్ళున్నారు. "వృథా అని నేను రాయబట్టే ఆ ఇరవై నిమిషాలు కొట్టేశారు."

"కొట్టేసిన చేత్తోనే మళ్ళీ రాయొచ్చుగా," అంది కోడలు. "పళ్ళెం ఆరిపోయింది, ఇంక వదిలెయ్."

అతను నవ్వలేదు కానీ, నవ్వు అక్కడెక్కడో ఉంది. పళ్ళెం బల్ల మీద పెట్టి, పుస్తకంలోంచి గేటు బొమ్మ ఉన్న పేజీ వెతకసాగాడు.

*

మామగారు పెరటి మెట్టు మీద కూర్చుని, పాత బైనాక్యులర్స్ అద్దాలు చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. ఎప్పుడు మనసు బాగోకపోయినా అదే పని. ఈ తొమ్మిది రోజుల్లో అద్దాలు అరిగిపోవాల్సిందే.

కోడలు ఒక మెట్టు కింద కూర్చుంది. చేతిలో నాలుగు పేజీల నకలు.

"రేపు వెళ్ళొద్దంటే సంఘానికి చీటీ పంపేస్తాను, మామయ్యా. ఇది మీ కబురు. పంపే హక్కు నాకు లేదు."

ఆయన రెండో అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"ఏం రాశావో అదైనా చదువు. నా గురించి ఊరు వినేముందు నేను వినాలిగా."

ఆమె చదివింది. సైరన్ గాలితో పాటు అటూ ఇటూ పోతుందనీ, పాదానికి తగిలిన చల్లటి నీరు మాత్రం చెవిటివాళ్ళకి కూడా వినపడుతుందనీ రాసిన చోట ఆయన చెయ్యి ఆగింది. వర్షమైనా, జ్వరమైనా, తన పెళ్ళి రోజైనా సరే గేటు ఎత్తేముందు వంతెన చివరిదాకా నడిచి, బండలన్నీ ఒకటొకటిగా చూసుకున్న మనిషి గురించి చదివినప్పుడు ఆయన ఎటో చూశాడు. కొత్త గేట్లు రావాలని, తప్పకుండా రావాలని, వాటికి ఈ మర్యాద కూడా నేర్పాలని రాసిన ఆఖరి ముక్క చదివి ఆమె ఊరుకుంది.

"ఒక తప్పుంది," అన్నాడు మామగారు.

ఆమె గబగబా పేజీలు వెనక్కి తిప్పింది.

"ఇరవై నిమిషాలని రాశావు. ఇరవై కాదు, ఇరవై రెండు. మొదటి నీరు పెద్ద బండ చేరడానికి పద్దెనిమిది. బుట్ట నెత్తికెత్తుకుని మెట్లెక్కడానికి నాలుగు. మీ అత్తయ్య లెక్క అది. మిగతావాళ్ళకి మూడు చాలు, కానీ ఆవిడ మధ్యలో ఆగి ఎవరో ఒకరిని తిట్టకుండా ఎక్కదు."

"వినపడుతోంది!" వంటింటి కిటికీలోంచి అత్తగారి గొంతు.

"వినపడాలనే అన్నాను!"

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. పెన్ను తీసి, ఇరవై పక్కన రెండు వేసింది.

అప్పుడే కొడుకు పుస్తకం పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. నిలబడే మాట్లాడబోయి, ఎందుకో తండ్రి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. గేటు బొమ్మ చూపించాడు. అంచు చూపించాడు. తండ్రి కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటుంటే, తన కళ్ళజోడే తీసి ఇచ్చాడు. ఇద్దరి తలలూ ఆ పేజీ మీదకి వంగాయి.

"ఇక్కడ నీళ్ళు విడిపోతాయా?"

"శుభ్రంగా విడిపోతాయి. అదురు ఉండదు."

"బెత్తెడు ఎత్తినా?"

"బెత్తెడు ఎత్తినా."

"ఈ గేటు నాకు ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఇచ్చి ఉండాల్సిందిరా," అన్నాడు తండ్రి, బొమ్మ మీద వేలితో నెమ్మదిగా రాస్తూ. "ఎవరు ఎంచారు దీన్ని?"

"నేనే. పెద్ద ఇంజినీరు వేరే రకం అన్నారు. ఇదే మంచిదని నెలరోజులు వాదించాను."

"ఊఁ," అన్నాడు గేట్లాయన. ఆ ఒక్క "ఊఁ" కోసం కొడుకు ఎన్నాళ్ళుగా కాచుకున్నాడో కోడలికి ఆ మొహం చూస్తే తెలిసింది. అద్దాల చట్రంలోని బంగారు రంగు అక్షరాలన్నీ ఆ "ఊఁ" ముందు దిగదుడుపే.

"నాన్నా, అడగకుండా రాయడం తప్పు. రేపు సభలో అది నేను చెబుతాను."

"నువ్వు చెప్పాలంటే ముందు నేను చెప్పాలి," అన్నాడు తండ్రి. "దొంగరాత నాది." కళ్ళజోడు తీసి ఇచ్చేశాడు. "అయినా పది నిమిషాలు ఇచ్చారట. పది నిమిషాల్లో ఏం చెబుతాం? నాకు ఇరవై రెండు కావాలి."

"ఇవ్వరు మామయ్యా. అందరికీ పదే."

"హాల్లో ఇవ్వరు. ఏటి దగ్గర ఎవరివ్వాలి?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"రేపు తొమ్మిదింటికి మామూలుగా నీళ్ళు వదిలే వేళ," అన్నాడు కొడుకు నెమ్మదిగా. "సంఘం వాళ్ళు పొద్దున్నే దిగుతారు, ఎనిమిదింటికల్లా విడిదిలో ఉంటారు..."

మాట పూర్తికాకుండానే లేచి, భార్య చేతిలోని నాలుగు పేజీలూ, స్కూటరు తాళాలూ తీసుకున్నాడు.

*

అతను పెద్ద ఇంజినీరు ఇంటి నుంచి తిరిగొచ్చేసరికి ఎండ గోడల మీద నుంచి దిగిపోతోంది. వీధిలో పోస్టమ్మ పుణ్యమా అని ఇంటి ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి, గేట్లాయనకి చేతులూపి పోతున్నారు. ఆయన దేనికీ పలక్కుండా ముందుగదిలో కుర్చీ ఎక్కి నిలబడ్డాడు, గోడమీది చట్రం దింపుతూ.

"రేపు తొమ్మిదింటికి గేటు దగ్గరే సంఘానికి చూపించడానికి ఒప్పుకున్నారు," అన్నాడు కొడుకు ఆయాసపడుతూ. "మొదట అరిచారు. తర్వాత ఆ నాలుగు పేజీలు చదివారు. సంఘం వాళ్ళకి తనే కబురు పంపుతానన్నారు. కానీ రెండు షరతులు."

"చెప్పు."

"నువ్వు గేటు దగ్గర నిలబడొచ్చు, జానెడు ఎత్తొచ్చు. కానీ రిజిస్టర్లో కారణం దగ్గర తనిఖీ అని రాయకూడదు. నిజం రాయాలి. దాని కింద బాధ్యుడిగా నేను సంతకం పెట్టాలి."

మామగారు చట్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా రాయని మాట ఆయన పెదాల మీద కదిలింది. కబురు నీళ్ళు. రిజిస్టరు గడిలో అది పడుతుందా అని చూసుకుంటున్నట్టుంది.

"రెండోది?"

"బండల మీద ఎవరో ఒకరు ఉండి, నీళ్ళు తగిలాక పైకి రావాలి. సంఘం గడియారం పెట్టుకుని చూస్తుంది. లేకపోతే నమ్మరట. రేపు తివాచీల వాళ్ళకి సెలవు. ఎవరిని అడగాలో..."

"నేను దిగుతాను," అంది కోడలు వెంటనే. అప్పటికే ఊహలో ఆమె పాదాలకి చల్లగా నీళ్ళు తగిలేశాయి.

"నువ్వు దిగితే మూడు నిమిషాల్లో ఎక్కుతావు," అంది అత్తగారు. "దాంతో ఏం రుజువవుతుంది? కుర్రకాళ్ళకి ఏరు కూడా మెట్టే."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె చేతిలో, ఎప్పుడు తీసిందో, అటక మీది పాత చాకిరేవు బుట్ట ఉంది. ఒక పక్క తాడు తెగింది. దాన్ని కొత్త తాడుతో కడుతోంది.

"రెండు మోకాళ్ళకీ మందు రాస్తే గానీ మంచం దిగవు," అన్నాడు మామగారు. "పన్నెండేళ్ళయింది నువ్వా మెట్లు దిగి."

"అందుకే నేనే దిగాలి. నాకు చాలినంత వేళ ఇచ్చావంటే ఎవరికైనా ఇచ్చినట్టే."

"నాలుగు నిమిషాలు దాటితే?"

"దాటితే పుస్తకంలో ఇరవై ఐదని రాయించు. ఆ పిల్ల దగ్గర పెన్నుందిగా."

"గాలి ఎదురుగా ఉంటుంది రేపు. నీకు నా కేక వినపడదు."

"ఆ రోజు మాత్రం వినపడిందా?" ముడి బిగించి, తాడు పళ్ళతో కొరికింది అత్తగారు. "అన్నేళ్ళు నేను నిన్ను నమ్మి ఆ బండ మీద నిలబడ్డాను. నన్ను నమ్మి ఒక్కసారి గేటు ఎత్తలేవూ?"

గేట్లాయన ఒళ్ళోని చట్రం అద్దాన్ని అరచేత్తో ఒకసారి తుడిచి, గుమ్మం పక్కన, పొద్దున్నే చేతికందేచోట నిలబెట్టాడు. దాని పక్కనే బైనాక్యులర్స్ పెట్టాడు.

"ఈ ప్రశంసాపత్రాన్ని సంఘం బల్ల మీద పెట్టి, కావాలంటే వెనక్కి తీసుకోమంటాను," అన్నాడు. తర్వాత కోడలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వు మీ అత్తయ్యతో బండ దాకా దిగు. చెయ్యి మాత్రం పట్టుకోకు, తిడుతుంది. ఒక్క మెట్టు వెనకాల ఉండు. ఎనిమిదిన్నరకి బయల్దేరుతున్నాం. నలుగురం."